చెవి పరీక్ష గది డ్రైవర్

చెవి పరీక్ష గది,
ఆసుపత్రి రెండో అంతస్తు.
ఫిబ్రవరి 9

తమ్ముడికి,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే బాగానే ఉన్నానని రాస్తావు, నేను నమ్మను, మళ్ళీ ఇద్దరం మొదటికొస్తాం. నీకు శిక్ష పడ్డ దగ్గర్నుంచి, పద్నాలుగు నెలలుగా, ఒక్క ముక్క రాయనిదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నానో చెప్పేస్తాను. పనుండి రాస్తున్నాను.

మా గదిలో వినికిడి నరాన్ని పరీక్షించే పెట్టె ఆగిపోయింది. తప్పు పెట్టెది కాదు. దానికి తగిలించిన కంప్యూటర్‌లో డిస్కు పోయింది. ఆసుపత్రి కంప్యూటరాయన కొత్త కంప్యూటర్ తెచ్చి, కొత్త లైనక్స్ ఎక్కించి, పాతదాంట్లోంచి పెట్టెని కలిపే కార్డు పీకి ఇందులో గుచ్చాడు. కార్డు కనపడుతోందట గానీ దాంతో మాట్లాడే డ్రైవర్ లేదట. "ఇది బయట దొరికేది కాదండీ, ఎవరో కూర్చుని రాసుకున్నది. ఎవరు రాశారు?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

మర్నాడు నీ పనిముట్ల పెట్టె అడుగున ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి, బీరువాలో దొరికిందని చెప్పి ఇచ్చాను. అందులోని ప్రోగ్రాంని కంప్యూటర్ భాషలోకి మార్చబోతే, అదే కంపైల్ చేయబోతే, స్క్రీన్ నిండా ఎర్రర్లు. మూడు రోజులు కుస్తీపట్టి చేతులెత్తేశాడు. ఆ ఎర్రర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టు వేరే కాగితం మీద ఎక్కించి దీనితో పెడుతున్నాను. కార్డు తయారుచేసిన కంపెనీ మూతపడి ఏళ్ళయింది. కొత్త యంత్రం అడిగితే పై ఏడాది చూద్దామన్నారు. ఈ పరీక్ష చేసే ఇంకో ఆసుపత్రికి పంపుదామంటే అక్కడ ఆరు నెలల తర్వాత గానీ తేదీ దొరకదు.

వినపడుతుందో లేదో తేలని పసిపిల్లలు పదకొండు మంది వరసలో ఉన్నారు. పెద్దవాళ్ళలో ఒకావిడ ఉంది. ఆవిడకి పరీక్ష ఈ యంత్రం మీదే జరగాలి.

నీ చేతనైతే చెప్పు. కాకపోతే అదీ చెప్పు.

అక్క


ఏడో నంబరు గది,
జైలు.
ఫిబ్రవరి 21

అక్కా,

కవరు మీద నీ దస్తూరీ చూసి, ఇంట్లో ఎవరికైనా ఏమన్నా అయిందేమోనని సాయంత్రం దాకా విప్పలేదు. విప్పాక యంత్రానికి అయిందని తెలిసి నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి, దవడ నొప్పి పుట్టింది.

నువ్వు పెట్టిన రెండో కాగితం నాకు అందలేదు. ఇక్కడ ఉత్తరాలు చదివే ఆఫీసరు గారు అది ఆపేసి నన్ను పిలిపించారు.

"ఏంటయ్యా ఇది? ఏ భాష?"

"కంప్యూటర్ ఎర్రర్లండీ."

"ఈ కల్నల్ ఎవరు? పది చోట్ల ఉన్నాడు."

"కల్నల్ కాదండీ, కెర్నల్. కంప్యూటర్ లోపల ఎవరి పని వాళ్ళకి పంచిపెట్టే పెద్ద లాంటిది."

"మరి డ్రైవరో?"

"ఆ పెద్దకీ, బయట తగిలించిన పెట్టెకీ మధ్య మాట కలిపే ప్రోగ్రామండీ. నేనే రాశాను. పెద్ద మారాడు, మా డ్రైవర్ భాష ఆయనకి అర్థం కావట్లేదు."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "బండి గుద్దిన కేసులో వచ్చి డ్రైవర్ రాశానంటున్నావు. నేను దీన్ని పై వాళ్ళకి ఏమని చెప్పను?" అన్నారు. కాగితం మాత్రం ఇవ్వలేదు. కాబట్టి ఈసారి ఎర్రర్లని నీ మాటల్లో, తెలుగులో, ఉత్తరంలోనే రాయి. నువ్వు రాస్తే నాకు అర్థమవుతుంది.

ఈలోగా ఒకటి చూడు. ఎర్రర్ల మొదట్లోనే 'బిల్డ్' అనే ఫోల్డరు దొరకలేదని ఉందా? ఉంటే ఆ కెర్నల్‌కి సరిపడే హెడర్ ఫైళ్ళు, అంటే దానికి ఏ మాటలు తెలుసో చెప్పే జాబితాలు, ఎక్కించలేదన్నమాట. అవి లేకపోతే నా ప్రోగ్రాం కంపైల్ కావడం కల్ల. ఆయన వేరే వెర్షన్‌వి ఎక్కించి ఉండొచ్చు. రెండు వెర్షన్ల నంబర్లూ పక్కపక్కన పెట్టి అంకె అంకె సరిచూడమను.

కీబోర్డు ముట్టుకుని ఏడాది దాటింది. ఇక్కడ నాకు పుస్తకాలకి అట్టలు అతికించే పని. వేళ్ళకి జిగురు వదలదు. గుర్తున్నంత మటుకు చెబుతాను.

నీ తమ్ముడు


చెవి పరీక్ష గది.
మార్చి 6

తమ్ముడికి,

నువ్వన్నట్టే హెడర్ ఫైళ్ళు వేరే వెర్షన్‌వి. చివరి అంకె ఒక్కటి తేడా. కంప్యూటరాయన తల బాదుకున్నాడు. సరైనవి ఎక్కించాక నలభై ఎర్రర్లు కాస్తా మూడయ్యాయి. ఆ సంతోషంతో ఆయన సెలవు పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు కమాండ్లు కొడుతున్నది నేనే. పొద్దున పిల్లల తల్లులకి తేదీలు మార్చి చెప్పడం, మధ్యాహ్నం ఈ స్క్రీన్ ముందు కూర్చోవడం. గదికి కిటికీ లేదని నీకు తెలుసు కదా. తలుపేస్తే నా ఊపిరి నాకే వినపడుతుంది.

నా మాటల్లో ఆ మూడూ ఇవి.

ఒకటి: 212వ లైనులో నువ్వు దానికి మూడు మాటలు అందించావట. నాకు రెండే చాలంటోంది.

రెండు: 340లో ఎవరినో పేరుపెట్టి పిలిచావు. ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరంటోంది. పేరు చివర 'నోక్యాష్' అని ఉంది. డబ్బుల్లేవని చెబుతోందా?

మూడు: 415 దగ్గర టైమర్ ఏదో పెట్టావు. ఆ పద్ధతి తీసేశారట.

ఆవిడ నిన్న మళ్ళీ వచ్చింది. యంత్రం బాగైందా అని అడిగింది. కాలేదన్నాను. వినపడనట్టు చూసింది. ఎడమవైపుకి జరిగి, ఆమె ముఖంలో ముఖం పెట్టి మళ్ళీ చెప్పాను. సరేనని బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. ఆవిడవి పాత కొలతలు రెండు ఈ యంత్రం మీద తీసినవే ఉన్నాయి. వాటి పక్కన మూడోది పెడితే గానీ డాక్టరమ్మ ఏమీ తేల్చలేనంటోంది.

తొందరగా రాయి.

అక్క


జైలు.
మార్చి 17

అక్కా,

క్యాష్ అంటే డబ్బు కాదే తల్లీ. కంప్యూటర్ దగ్గర పెట్టుకునే చేతి సంచి లాంటిది. ఆ సంచీలోంచి కాకుండా నేరుగా కార్డులోంచే చదవమని చెప్పడానికి ఆ తోక. కొత్త కెర్నల్ తోక లేకుండానే ఆ పని చేస్తుంది. కాబట్టి పేరులోంచి తోక కత్తిరించు, అంతే.

212లో మూడు మాటల్లో మొదటిది కొట్టేయి. పక్కన ఉండే కామా కూడా కొట్టేయి, మర్చిపోకు.

టైమర్ ఒక్కటే పెద్ద పని. ఎనిమిది లైన్లు మార్చాలి. అవి వేరే కాగితం మీద రాశాను. ఆఫీసరు గారు ఈసారి ప్రతి లైను పక్కనా చిన్న ముద్ర వేసి పంపుతామన్నారు. ఆ ముద్రలు టైపు చేయకు.

ఆ ఎనిమిది లైన్లు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. సరిచూసే యంత్రం లేదుగా. అట్టలు అతికిస్తూ తలలోనే నడిపించుకున్నాను. ఒకచోట బ్రాకెట్ మూయలేదని అన్నం దగ్గర గుర్తొచ్చి లేచి పరిగెత్తాను. కాపలావాడు కేకేశాడు.

ఇంకో మాట. నువ్వు రెండు ఉత్తరాల్లోనూ 'ఆవిడ' అని రాశావు. పదకొండు మంది పిల్లల గురించి ఒక వాక్యం రాసి, ఆవిడ గురించి పది వాక్యాలు రాశావు. చిన్నప్పట్నుంచీ నువ్వు ఏదైనా దాస్తే దాని చుట్టూనే తిరుగుతావు. ఎవరావిడ?

నీ తమ్ముడు


చెవి పరీక్ష గది.
మార్చి 30

మరమేకూ,

ఈ పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో. కనపడ్డ ప్రతి వస్తువుకీ మరలు విప్పేవాడివని నాన్న పెట్టిన పేరు. ఇవాళ నోట్లోకి అదే వచ్చింది.

కంపైల్ అయింది. ఒక్క ఎర్రర్ లేదు. కామా కొట్టేయడం మర్చిపోయి ఒక పూట ఏడ్చాను, అది వేరే సంగతి. తీరా ఎక్కించబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. సంతకం లేని డ్రైవర్‌ని రానివ్వనంది. ఆ సంగతి సెలవు నుంచి వచ్చిన కంప్యూటరాయనకి తెలుసు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే స్క్రీన్‌లోకి వెళ్ళి ఆ కాపలా తీసేశాడు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. నా నుదుటి మీదా చెవుల వెనకా వైర్లు అంటించుకుని నా చెవినే పరీక్షించుకున్నాను. స్క్రీన్ మీద నరం అలలు వచ్చాయి.

కానీ పది నిమిషాల్లో అయ్యే పరీక్ష నలభై నిమిషాలు పట్టింది. పరీక్షకని చెవిలో వినిపించే టకటక చప్పుళ్ళు, చిటికెలంటామే, అవి నత్తనడక నడుస్తున్నాయి. నిన్న మూడు నెలల పాపని పడుకోబెట్టి మొదలుపెడితే, సగంలోనే లేచి గుక్కపట్టింది. వాళ్ళమ్మ బిడ్డని భుజాన వేసుకుని, "ఇంకెన్నిసార్లు రావాలమ్మా?" అంది. ఇంకో తేదీ రాసి చేతిలో పెట్టాను.

ఇక ఆవిడ.

ఆవిడ దర్జీ. బట్టలు కుడుతుంది. దారం తెగితే మిషన్ చప్పుడు మారుతుందట. తల ఎత్తకుండానే తెలిసేదట. రెండేళ్ళ క్రితం తలకి దెబ్బ తగిలి కుడి చెవి పూర్తిగా పోయింది. ఇప్పుడు ఎడమది కూడా తగ్గుతోంది. నరమే ఎండిపోతోందా, లేక చప్పుడు లోపలికి వెళ్ళే దారిలో ఏదైనా అడ్డం పడిందా అన్నది తేలాలి. దారిలో అడ్డమైతే చెవి యంత్రం పెట్టుకోవచ్చు. నరమైతే అదీ పనికిరాదు.

దెబ్బ ఎలా తగిలిందో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు కోర్టులో చూసిన ఆవిడే.

ఆవిడకి నేనెవరో తెలియదు. కోర్టులో నేను ముసుగేసుకుని వెనక వరసలో కూర్చున్నానుగా. మొదటి కొలతా నేనే తీశాను, రెండోదీ నేనే తీశాను. ఆవిడ జుట్టు పక్కకి తీసి, ఆ మచ్చ పక్కనే వైరు అంటించాను. "మీ చెయ్యి చల్లగా ఉందమ్మా" అని నవ్వింది. అలా నవ్విన మనిషి కొలత చేతిలో పట్టుకుని ఇంటికొచ్చి నీకేం ఉత్తరం రాయను? నీ మీద కోపంతో రాయలేదనుకున్నావేమో. కోపం కాదురా.

ఆ రోజు నిన్ను పిలిచింది నేను. ఈ పెట్టె కోసమే. రెండు రోజులు కన్ను మూయకుండా ఈ కుర్చీలోనే కూర్చుని డ్రైవర్ రాశావు. అయిపోయిందని లేచావు. ఎర్రటి కళ్ళతో బండి తాళాలు తీసుకున్నావు. 'కాసేపు ఇక్కడే పడుకుని వెళ్ళు' అని నేనెందుకు అనలేదు? రోజుకోసారి నన్ను నేను అదే ప్రశ్నించుకుంటాను.

చిటికెలు ఎందుకు నెమ్మదించాయో చెప్పు. ఇంకేమీ రాయకపోయినా పర్లేదు.

అక్క


జైలు.
ఏప్రిల్ 8

అక్కా,

ముందు పని.

చిటికెకీ చిటికెకీ మధ్య వెయ్యింట యాభై వంతుల సెకను ఆగాలి. నేను అలా రాయలేదు. కెర్నల్ లోపల గడియారం యాభైసార్లు టిక్కుమనేదాకా ఆగమని రాశాను. పాత కంప్యూటర్‌లో ఆ గడియారం సెకనుకి వెయ్యిసార్లు టిక్కుమనేది కాబట్టి రెండూ ఒకటే అయ్యాయి. కొత్తదాంట్లో సెకనుకి రెండు వందల యాభైసార్లే. అందుకే నాలుగింతలు ఆలస్యం. 431వ లైనులో ఉన్న యాభై చుట్టూ, సెకన్ల లెక్కని టిక్కుల్లోకి మార్చే మాట పెట్టాలి. కింద రాశాను. అప్పుడు ఏ గడియారమైనా సరిగ్గానే నడుస్తుంది.

ఇది కొత్త కెర్నల్ చేసిన తప్పు కాదు. నాదే. తెలిసిన పద్ధతి వదిలేసి అడ్డదారిన రాశాను. అది ఆ రెండో రోజున, కళ్ళు వాలిపోతుంటే రాసిన లైను.

ఇక ఆవిడ సంగతి. వైర్లు అంటించే ముందు నువ్వెవరివో చెప్పు. ఆ యంత్రాన్ని నడిపేది ఎవరు రాసిందో కూడా చెప్పు. ఆవిడ వద్దంటే ఆరు నెలలైనా సరే వేరే ఆసుపత్రికే పంపించండి. నువ్వు చెప్పకపోతే నేనే మీ డాక్టరమ్మకి రాస్తాను. అంతదాకా తేకు.

ఇంతకంటే ఈసారి రాయలేను.

తమ్ముడు


చెవి పరీక్ష గది.
ఏప్రిల్ 29

మరమేకూ,

431 మార్చాను. తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు. నా చెవి మీద నాలుగుసార్లు, కంప్యూటరాయన చెవి మీద రెండుసార్లు చూశాను. ఆ రోజు సగంలో లేచి గుక్కపట్టిన పాపకి నిన్న పూర్తయింది. వినపడుతోంది. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

డాక్టరమ్మకి ముందే అంతా చెప్పాను. ఇంత కాలం చెప్పనందుకు గట్టిగానే చీవాట్లు పెట్టి, "ఆవిడ ఊఁ అంటేనే నువ్వు చెయ్యి. లేకపోతే నేను చేస్తాను" అంది.

దర్జీ ఆవిడ పదహారో తేదీన వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నేనూ కూర్చుని, నోటి కదలిక కనపడేలా నెమ్మదిగా చెప్పాను.

"మిమ్మల్ని గుద్దినవాడు నా తమ్ముడు."

అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపింది. "వినపడింది" అంది.

ఈ యంత్రం సంగతీ చెప్పాను. ఆవిడ పెట్టె వంక చూసింది. నా చేతుల వంక చూసింది. సంచి తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ బరువు తలుపు తోయడానికి రెండుసార్లు ప్రయత్నించింది. నేను లేచి సాయం చేయలేకపోయాను.

తొమ్మిది రోజులు రాలేదు. ఆ తొమ్మిది రోజులు నేనేం తిన్నానో ఏం చేశానో అడగకు. పదో రోజు పొద్దున్నే బెంచీ మీద ఉంది. లోపలికొచ్చి, నిలబడే మాట్లాడింది.

"అన్నీ తెలిసే రెండుసార్లు నా తల ముట్టుకున్నావా?"

"అవునండీ."

"అప్పుడే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

"ఒకటి అడుగుతాను, అబద్ధం చెప్పకు. ఈ డ్రైవరో ఏదో అన్నావే, అదీ నిద్రపోతూ రాశాడా?" అంది.

ఏం చెప్పమంటావు? చెప్పాను. "ఒక లైను నిద్రమత్తులోనే రాశాడండీ. ఇప్పుడు దాన్ని మార్చాడు. మార్చాక నా మీదే నాలుగుసార్లు చూసుకున్నాను" అన్నాను.

"ఐదోసారి నా ముందు చూపించు" అంది.

చూపించాను. తొమ్మిది నిమిషాల యాభై సెకన్లూ నిలబడి, గోడ గడియారమూ స్క్రీనూ మార్చి మార్చి చూసింది. కొలతబద్ద పట్టుకుని బతికే మనిషి కదా. తర్వాత కూర్చుని, తనే జుట్టు పక్కకి తీసుకుని, "ఊఁ, కానీ" అంది.

నరం బాగానే ఉంది. అల అలకీ మధ్య దూరం ఏడాది కిందటి కొలతతో సరిపోయింది. మొత్తం అలలన్నీ కొంచెం ఆలస్యంగా మొదలవుతున్నాయంతే. అడ్డం దారిలోనే ఉందన్నమాట. మిగిలింది ఒక్కటే చెవి కాబట్టి కత్తి పెట్టడానికి డాక్టరమ్మ తొందరపడటం లేదు. ముందు చెవి యంత్రం ఇస్తోంది. అది పెట్టుకుంటే వినపడుతుంది. కుడిది మాత్రం ఎప్పటికీ రాదు.

వెళ్ళేటప్పుడు అడిగాను, నీకేమైనా రాయమంటారా అని.

"క్షమించానని రాయకు. క్షమించలేదు. కొలత సరిగ్గా వచ్చిందని రాయి" అంది.

రాశాను.

అక్క


జైలు.
మే 10

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాట ఉన్న మడత చిరిగిపోయింది. నాకు అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు.

నువ్వు చెప్పాల్సింది చెప్పేశావు. ఇక నా వంతు.

కోర్టులో మా వకీలు, తెలియకుండా కన్ను మూతపడిందని చెప్పాడు. నేను తల ఊపాను. అది నిజం కాదు. ఆసుపత్రి నుంచి బయల్దేరిన పావుగంటకే ఒకసారి కళ్ళు మూతపడ్డాయి. బండి రోడ్డు అంచు దిగింది. ఉలిక్కిపడి ఆపాను. మిట్టమధ్యాహ్నం. పక్కనే చెట్టు నీడ ఉంది. దిగి, సీసాలో నీళ్ళతో ముఖం కడుక్కున్నాను. ఇక్కడే గంటసేపు పడుకుందామా అనుకున్నాను. ఇంకెంత దూరం, పది నిమిషాలేగా అనుకుని మళ్ళీ ఎక్కాను. తెలిసే ఎక్కాను. ఆవిడ రోడ్డు దాటుతున్నది ఆ తర్వాత ఆరో నిమిషంలో.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. వకీలుకి కూడా. ఆవిడకి రాయాలని ఉంది. రాయనా అని ఆవిడనే అడుగు. వద్దంటే నువ్వు బతిమాలకు. తర్వాత ఎప్పటికీ అడగకు.

ఇంకోటి. నువ్వు అనలేదని రోజూ ఏడుస్తున్నావే, ఆ మాట అన్నావు. భుజం మీద ఫోను పెట్టుకుని ఎవరో పిల్ల తల్లితో మాట్లాడుతూ, చేత్తో పరీక్ష మంచం చూపించి, "కాసేపు పడుకుని పోరా" అన్నావు. నువ్వు ఫోనులో పడిపోయావు కాబట్టి నీకు గుర్తులేదు. నాకు గుర్తుంది. మంచం మీద ఉతికిన దుప్పటి కూడా పరిచి ఉంది. పర్లేదులే అని తలుపు తోసుకుని నేనే వెళ్ళిపోయాను. రెండేళ్ళుగా ఇది నీకు చెప్పకుండా ఉన్నాను. చెబితే, తప్పు మోయడానికి నేనొక్కణ్ణే మిగులుతానని భయం. అంత మంచివాడు నీ తమ్ముడు.

అక్కా, ఆ రోజు నువ్వు నన్ను పిలిచావు. నేను వచ్చాను, పని చేశాను. అక్కడితో నీ పాత్ర అయిపోయింది. బండి నడిపింది నేను.

నీ తమ్ముడు